కొత్త ఆయిల్ పోయకముందు

ఆటోనగర్‌లో మెకానిక్ మా కారు కింద బోల్టు విప్పగానే వేడివేడి నల్ల ఆయిల్ పళ్లెంలోకి దూకింది. ఆ కమురు వాసనకి ఇమ్మానుయేలు గారు గుర్తొచ్చారు. ఎంత మంచివారో అంత మొండివారు. ఆయన మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.

నేను జూనియర్ ఇంజనీరుగా ఎక్కిన మొదటి సరుకుల ఓడకి ఆయన చీఫ్ ఇంజనీరు. మాది చల్లపల్లి అనగానే, "మాది ఉయ్యూరేనయ్యా! నడిసముద్రంలో మనూళ్ల వాడు దొరికాడు" అని భుజం మీద చరిచారు. ఇంజన్‌లో తిరిగే ఆయిల్‌ని చిన్న సీసాలో పట్టి, రేవు చేరగానే ల్యాబుకి పంపడం నాకు అప్పగించారు. అందులో లోహపు రజను కనిపిస్తే బేరింగు అరుగుతోందని ముందే తెలుస్తుంది, ఇంజన్ ఆగిపోకముందే బాగుచేసుకోవచ్చు. మొదటిసారి ఆయిల్ మట్టం తగ్గిందని కొత్తది పోసి, తర్వాత సీసా పట్టబోయాను. ఆయన నా చెయ్యి ఆపేశారు.

"పోయకముందు పట్టాలయ్యా. ఇప్పుడు పడితే రజను పలచబడి రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది. ల్యాబువాణ్ణి మోసం చేస్తావు సరే, బేరింగుని చేయగలవా?"

అలాంటి మనిషికి షుగరు. ఓడెక్కే ముందు ప్రతిసారీ డాక్టరు పరీక్ష ఉంటుంది, అందులో షుగరు మరీ ఎక్కువుంటే ఒడ్డునే ఉండిపోవాలి. అందుకని పరీక్షకి వారం ముందునుంచి అన్నం మానేసి, కాకరకాయ తింటూ, పొద్దునా సాయంత్రం కాలవ గట్టున నడిచేవారు. రిపోర్టు బాగుండేది. ఒకసారి అలా పాసై, బందరు లడ్డూల పెట్టెతో బెజవాడలో మా ఇంటికొచ్చారు.

"ఇది కొత్త ఆయిల్ పోసి సీసా పట్టినట్టు కాదా సార్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "తెలుసయ్యా. ఓడ దిగిపోతే నన్ను చీఫ్ అని ఎవరు పిలుస్తారు?" అని నా చేతిలో ఓ లడ్డూ పెట్టి, తనూ ఒకటి తీసుకున్నారు. నేనూ తిన్నాను.

ఆ పరీక్ష పాసై ఎక్కిన ప్రయాణంలోనే ఆయన కాలికి పుండు పడి మానలేదు. ఒడ్డుకి చేర్చేసరికి కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. ఆసుపత్రిలో చూడబోతే, "రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి కదయ్యా" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఉయ్యూరు చర్చిలో ఆయనకి చివరి ప్రార్థన జరిగేటప్పుడు నేను సముద్రం మీద ఉన్నాను.

ఇప్పుడు నేనూ చీఫ్‌నే. నాకూ షుగరొచ్చింది. రేపే డాక్టరు పరీక్ష. వారం కింద మా ఆవిడ, "కాకరకాయ తెప్పించనా?" అని అడిగింది. వద్దన్నాను. రోజూ తినేదే తింటున్నాను. ఓడెక్కనిస్తారో లేదో తెలియదు. రేపు సూది గుచ్చినప్పుడు, ఒంట్లో ఏదుందో అదే సీసాలోకి రానీ.