శుక్రవారం పచ్చచుక్క

భయపెడితే జనం వినరట. పక్కింటివాళ్లను చూస్తే తమంతట తామే మారతారట. డెంగ్యూ జ్వరాలు మొదలైన వానాకాలంలో, మనుషుల నడవడిక మీద చదువుకొచ్చిన ఒక సారు కరీంనగర్‌లోని మా వాడకట్టు ఆడవాళ్లను కూర్చోబెట్టి చెప్పిన మాట ఇది. ప్రతి శుక్రవారం నీళ్ల డ్రమ్ములు ఒంపి, కడిగి, బోర్లించాలి. బోర్లించిన ఇంటి గోడకు పచ్చచుక్క అంటిస్తారు. బోర్లించని ఇంటికి చుక్క ఉండదు. జరిమానా లేదు, తిట్టూ లేదు.

సారు అంచనా తప్పలేదు. మా వాళ్లకు ప్రాణం పోయినా ఫర్వాలేదు గానీ పక్కింటి ముందు పరువు పోకూడదు. కొద్ది వారాలకే ఏ గోడ చూసినా పచ్చచుక్కే.

కానీ మాకు నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. శుక్రవారం నీళ్లు ఒంపేస్తే మళ్లీ నల్లా వచ్చేదాకా గొంతు తడుపుకోవడానికి కూడా ఉండవు. ఆ సంగతి సారు అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అందుకని నీళ్లన్నీ బకెట్లలోకి, బిందెల్లోకి మార్చి లోపలి అర్రలో మంచాల కిందికి నెట్టేవాళ్లు. నల్లా వచ్చినా వాటిని ఒంపి కడిగేది లేదు, తగ్గినంత పైపైన నింపుకోవడమే. వాకిట్లో ఖాళీ డ్రమ్ములు బోర్లించి ఉండేవి. చుక్కలు అంటించడానికి సారు పెట్టిన అమ్మాయి వాకిట్లోంచే చూసి పోయేది. పాపం, ఆమె మాత్రం ఎన్నిళ్లని తిరుగుతుంది!

మా అక్కది పక్కిల్లే.

"మంచం కింద గన్ని నీళ్లేందక్కా? దోమలు పుడ్తయి. మూతలన్న పెట్టు," అన్నాను.

"అన్నిటికి మూతలు యాడికెళ్లి తేవాలె? జర ఊకోయే," అంది.

ఇంటర్ చదివే అక్క కూతురు కాలేజీ లేని రోజు పగలంతా ఆ మంచం మీదే పుస్తకాలు పరుచుకుని కూర్చునేది. దానికి జ్వరం వచ్చింది. అక్క బయటికి పొక్కనీయలేదు. చుక్క ఉన్న ఇంట్లో జ్వరమంటే నలుగురూ ఏమనుకుంటారని భయం. మెడికల్ షాపు గోలీలతో నెట్టుకొచ్చి, చిగుళ్లలోంచి రక్తం వచ్చాక నన్ను పిలిచింది. ఆటోలో దవాఖానకు పరుగెత్తాం.

"ఇన్ని రోజులు ఏం చేసిండ్రమ్మా?" అని డాక్టరు అడిగాడు. మరునాడు మధ్యాహ్నం పిల్ల పోయింది. ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. ఎవరి మీద అంటే మాత్రం చెప్పలేను.

దినాలు అయ్యాక వచ్చిన శుక్రవారం, చుక్కలు అంటించే అమ్మాయి అక్క వాకిట్లో తలవంచుకుని నిలబడింది. చుట్టాలెవరో డ్రమ్ము బోర్లించి పెట్టారు. ఆమె దానివైపు ఒకసారి చూసి, అలవాటుగా సంచిలో చెయ్యి పెట్టింది. అక్క లేచివచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"గీడ ఏం చూస్తవు బిడ్డా? నా పిల్లను నేను చంపుకున్నది లోపల. లోపలికి రా."