నిండుకున్న రింగులు

మా ఇంట్లో ఈ సంగతి ఒక జోకుగా స్థిరపడిపోయింది. ఎవరొచ్చినా మా వారు మొదలుపెడతారు, "ఈవిడ దీవిలో రింగులు నిండుకున్నాయట" అని. ఆయన అక్కడ లేరు. ఎండలో నిలబడింది నేను. అందుకే జరిగింది జరిగినట్టు నేనే రాసిపెడుతున్నాను.

నాకు డిగ్రీ లేదు. కానీ సింగపూర్‌లో మా ఇంటి దగ్గరి జురాంగ్ ఈస్ట్ లైబ్రరీలో పక్షుల అర మొత్తం చదివేశాను. ఆ ధైర్యంతోనే పక్షులను లెక్కించే స్వచ్ఛంద బృందంలో చేరి, జనం లేని ఆ పగడపు దీవికి వెళ్ళాను. అక్కడ బూబీలనే బాతంత సముద్రపక్షులు నేల మీదే గూడు పెడతాయి. పిల్ల కాలికి నంబరున్న లోహపు రింగు తొడిగితే, రేపు అది ఏ తీరాన కనిపించినా ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది.

ఆఖరి రోజు తూర్పు కొసను నాకూ, సింగపూర్‌లోనే, సెరంగూన్‌లో పెరిగిన ఒక తెలుగు బ్యాంకు ఉద్యోగినికీ అప్పగించారు. మర్నాడు పొద్దున్నే పడవ. పిల్లలేమో అప్పటికే రెక్కలు ఆడిస్తున్నాయి. ఆ రోజు తొడగకపోతే ఇక అవి మాకు దొరకవు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి తాగే నీళ్ళ కోసం, మధ్యనున్న లోతులేని సముద్రపు పాయ దాటి క్యాంపుకు వెళ్ళింది. నేను వాకీటాకీలో, "అమ్మాయ్, రింగులు నిండుకున్నాయి" అన్నాను.

"సూపర్ ఆంటీ!"

నీళ్ళు, బిస్కెట్లు తెచ్చింది. రింగులు లేవు.

"రింగులేవమ్మా?"

"మీరేగా నిండా ఉన్నాయన్నారు?"

"నిండుకున్నాయంటే అయిపోయాయని!"

"అయ్యో ఆంటీ! ఖాళీ అయితే ఫుల్ అంటారా ఎవరైనా? అయిపోయాయని చెప్పాలి లా!" అంది, సింగపూర్ యాసలో.

అయిపోయాయి అనకూడదు. బియ్యమైనా, పసుపైనా మా అమ్మ నిండుకున్నాయనే అనేది. సముద్రం మధ్యలో రింగులకు కూడా నా నోట అదే మాట వచ్చింది.

పోటు మొదలైంది. ఆమె పాయ వైపు చూసి, "ఇప్పుడిది నిండుతుందా, నిండుకుంటుందా ఆంటీ?" అంది. నవ్వే తీరిక లేదు. ఈసారి నేనే వెళ్ళాను. వెళ్ళేటప్పుడు మోకాళ్ళ లోతు, వచ్చేటప్పుడు నడుము లోతు. రింగుల సంచి నెత్తిన పెట్టుకుని దాటాను.

తర్వాత ఆమె పిల్లను పట్టుకునేది, నేను శ్రావణంతో రింగు మూసేదాన్ని. అంచుల మధ్య గోరు దూరకూడదు, రింగు కాలి చుట్టూ తేలిగ్గా తిరగాలి. చివరి పిల్ల సగం అరిగిన చేపను నా చొక్కా మీద కక్కింది. సూర్యుడు నీళ్ళను తాకుతుండగా దాని రింగు కూడా మూశాను.

బృందంవాళ్ళు పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఇలాగే కృతజ్ఞతలు చెబుతాను. పాయ నిండి అవతలే చిక్కుకున్న మమ్మల్ని, ఒక్క మాట అనకుండా, తీసుకెళ్ళడానికి చిన్న పడవ పంపిన బృందనాయకుడికి. అడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన లైబ్రరీ ఆవిడకు. అన్నాళ్ళూ వీధి తిళ్ళ దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో తిని, ఇప్పుడు జోకులేస్తున్న మా వారికి. ఇక ఆ అమ్మాయికి. ఆమె ముంజేతి మీద బూబీ ముక్కులు గీసిన గాట్లు చాలాకాలం ఉండిపోయాయి. ఒక్క పిల్లను కూడా జారనివ్వలేదు.