అమ్మ పేరు గట్టిగా చెప్పిన రోజు

మొదటి ఎన్నికల్లో నేను చేసిన నిర్వాకం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అదేమైనా ఘనకార్యమా!

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మదరాసు చూలై పేటలో ఒక అచ్చాఫీసులో, అచ్చయిన కాగితాలు ఫారాలుగా మడిచే పని. మదరాసు తెలుగువాళ్ళదా, అరవవాళ్ళదా అని ఊరంతా గొంతు చించుకుంటున్న రోజులవి. మా సందులో ఆడవాళ్ళకు మాత్రం కావలసింది కొళాయి. సందు మొత్తానికి ఉన్నది ఒక్కటే, అదీ పొద్దున కాసేపు దగ్గి ఊరుకునేది. మా సందులోనే ఉండే మిల్లు కార్మికుడొకాయన, ఎన్నికల్లో నిలబడి గెలిస్తే ముందు నీళ్ళు తెస్తానన్నాడు. నేను నమ్మాను. పేదవాళ్ళ చేతికి ఓటొస్తే లోకమే మారిపోతుందని నమ్మాను. పని అయిపోగానే జెండా పట్టుకుని ఆయన పార్టీ ఆఫీసుకు పరుగెత్తేదాన్ని.

పోలింగుకు చాలా నెలల ముందు ఓటర్ల జాబితా రాసుకోవడానికి గుమాస్తా వచ్చాడు. ఆయనది అరవం, మా సందుది తెలుగు. అందుకని పార్టీవాళ్ళు నన్ను ఆయన వెంట పంపారు. మగవాళ్ళ పేర్లు చకచకా అయిపోయాయి. ఆడవాళ్ళ దగ్గరకొచ్చేసరికి బండి ఆగిపోయింది. పరాయి మగవాడికి తన పేరు తానే చెప్పడం మావాళ్ళలో లేదు. ఒకామె మేస్త్రి పెండ్లామని రాసుకోమంది. ఇంకొకామె ఇడ్లీలమ్మ అంటే చాలంది. మా అమ్మ తలుపు చాటున నిలబడి, "పెద్దోడి అమ్మ అని రాసుకోమనుమే" అంది.

"పేరు ఉండాలమ్మా," అన్నాడు గుమాస్తా, వచ్చీరాని తెలుగులో.

అమ్మ పేరు నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. అమ్మ కళ్ళెర్రజేసింది. నేనేమో పెద్ద తెలివైనదానిలా, "మా ఆడోళ్ళు పేర్లు చెప్పరు సార్. అట్లనే రాసుకోండి, ఈడ ఎవుర్ని అడిగినా ఎవురిల్లో చెప్తారు," అన్నాను. పాపం, ఎండకు తిరిగి తిరిగి ఆయనకూ ఓపిక పోయింది. రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ప్రచారం. ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క పెట్టె ఉంటుందని, మన కాగితం మన గుర్తున్న పెట్టెలోనే వెయ్యాలని ఆడవాళ్ళకు నేర్పాను. బిస్కెట్ డబ్బాలకు బొమ్మలంటించి మా పంచలో వరసగా పెట్టాను. అందరూ నవ్వుకుంటూ కాగితాలు వేశారు. పేరు మాత్రం లోపల ఆఫీసరుకు గట్టిగా చెప్పాలన్నాను. అమ్మ వినలేదు. వారాల తరబడి బతిమాలాను, అలిగాను, ఒక పూట అన్నం మానేశాను. చివరికి, "సరిమే, నీ కోసం చెప్తా" అంది. పెళ్ళయ్యాక ఆమెను ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పిండి రుబ్బుతూ తన పేరు తానే గొణుక్కోవడం నేను విన్నాను.

పోలింగు రోజు మా సందు ఆడవాళ్ళంతా తలంటుకుని, పూలు పెట్టుకుని వచ్చారు. ఆడవాళ్ళ వరసలో నా ముందు అమ్మ. ఆఫీసరు పేరడిగాడు. అమ్మ ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. తర్వాత అంతమంది ముందు, తలెత్తి, తన పేరు గట్టిగా చెప్పింది. 

ఆఫీసరు జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చూశాడు. మళ్ళీ చూశాడు. "పేరు ఇల్లైమ్మా, లేదు," అన్నాడు.

పేరు లేకుండా ఫలానావాళ్ళ పెండ్లామని, ఫలానావాళ్ళ అమ్మని రాసినవన్నీ పైవాళ్ళు కొట్టేశారట. అచ్చయిన జాబితా పార్టీ ఆఫీసులోనే ఉంది. మగవాళ్ళ పేర్లు చూసుకుని సరిపోయిందనుకున్నారు. నేనూ అడగలేదు; రాయించని పేరును లోపల చెప్పమంటున్నానన్న సంగతే నాకు తట్టలేదు. నాలుగక్షరాలు చదువుకున్నదాన్ని కనక గుమాస్తాకు నా పేరు నేను చెప్పుకున్నాను, నా ఓటు నేను వేశాను. బయటికొచ్చేసరికి మావాళ్ళంతా గోడ నీడన నిలబడి ఉన్నారు.  

మా మనిషి ఓడిపోయాడు. మా ఆడవాళ్ళ ఓట్లన్నీ పడినా ఓడిపోయేవాడే, అంత తేడా ఉంది. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు. గెలిచినాయన మా సందు మొహం చూడలేదు. మా మనిషి గెలిచినా చూసేవాడా? ఏమో. మరుసటి ఏడాదే ఆయన వేరే పేటకు మారిపోయాడు, మళ్ళీ ఇటు రాలేదు.

రెండో ఎన్నికలొచ్చాయి. ఈసారి జాబితా రాసేవాడు గుమ్మంలో నిలబడగానే, అమ్మ చూస్తుండగానే ఆమె పేరు నేనే చెప్పాను. ఒక్కొక్క అక్షరం పలికి రాయించాను. అచ్చయ్యాక వెళ్ళి కళ్ళారా చూసుకుని వచ్చాను. పోలింగు రోజు పొద్దున్నే కొత్త చీర తీసి అమ్మ ముందు పెట్టాను.

అమ్మ రోటి దగ్గర నుంచి లేవలేదు.

"నీ పేరు ఉందమ్మా ఈసారి. నా కళ్ళతో చూసినా," అన్నాను.

"ఉంది కదా," అంది అమ్మ, పిండిలోంచి చెయ్యి తియ్యకుండానే. "ఆ పేరునే పోయి ఓటెయ్యమను."