ఆగని ఫంక్షన్

మా వదినను ఇంట్లో అందరం అనుమానం వదిన అంటాం. తాళం మూడుసార్లు లాగి చూస్తే గానీ ఆవిడ కాలు కదలదు. రక్తపరీక్షల ల్యాబులకు సాఫ్ట్‌వేర్ రాసేది. ప్రతి శాంపిల్ ట్యూబుకూ ఒక నంబరు పుట్టించే ఫంక్షన్, అంటే ప్రోగ్రాములో ఆ పని చేసే ముక్క, ఆవిడదే. కంప్యూటర్ గడియారంలోని ఆ సెకనునే అది నంబరుగా మార్చేది. కాలం వెనక్కి పోదు కనుక ఒకే నంబరు రెండుసార్లు రాదు.

గడియారం మాత్రం వెనక్కి పోవచ్చు. అలా పోతే నంబరు ఇవ్వకుండా ఆగిపోవాలని మొదట ఒక లైను రాసింది కూడా. కౌంటరు దగ్గర జనం పేరుకుపోతే తన పీకల మీదికొస్తుందని ఆవిడ ఆఫీసు మేనేజరు గునిశాడు.

"అయ్యేదా చచ్చేదా, ఆ లైను తీసెయ్యమ్మా."

తీసేసింది.

రెండేళ్ళకు ఒక ల్యాబులో కరెంటు పోయి వచ్చింది. లోపలి బ్యాటరీ అయిపోయిన కంప్యూటర్ చివరిసారి దాచుకున్న గంట వెనకటి సమయంతో లేచి, ఇచ్చిన నంబరే ఇంకొకరికి ఇచ్చింది. ఒకరి రక్తం గ్రూపు మరొకరి రిపోర్టులో పడింది. ఆ తప్పు గ్రూపు రక్తం ఎక్కించిన పెద్దాయన మూడో రోజు పోయాడు.

లేబుళ్ళు తారుమారు చేసిందని, వాటిని అంటించే ఆవిడను ఉద్యోగంలోంచి తీసేశారు. వదిన పాత రికార్డులు తవ్వి జంట నంబరును పట్టుకుంది. మేనేజరు ఫంక్షన్ సరిచేసి ఊరుకోమన్నాడు. సరిచేసింది గానీ ఊరుకోలేకపోయింది. ఆ వారమే మా పాపకు రక్తం తీస్తే, ట్యూబు మీది అంకెలన్నీ నేను చీటీ మీద రాసుకున్నాను. నర్సు నవ్వింది.

లేబుళ్ళావిడ ఇంటికి వదినతో నేనూ వెళ్ళాను. ఆవిడ బట్టలు ఆరేస్తోంది. వదిన చెప్పిందంతా తడి తువ్వాలు చేతిలో పట్టుకునే విన్నది.

"నాకు తెలుసమ్మా. ఈ నంబరు ఇందాక చూసినట్టుందని అప్పుడే చెప్పాను. కంప్యూటర్ తప్పు చేస్తుందా, నీ కళ్ళకే పొరలొచ్చాయన్నారు."

"తప్పు నాదని రాసిస్తాను. సంతకం పెట్టి."

"ఇవ్వండి. తర్వాత మీ ఉద్యోగం పోతే మాత్రం నా దగ్గరికొచ్చి ఏడవకండి."

వదిన రాసిచ్చింది. నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది. లేబుళ్ళావిడ తప్పేమీ లేదని ల్యాబువాళ్ళు ఉత్తరం పంపారు. ఆవిడను మాత్రం పిలవలేదు. ఆ బల్ల దగ్గర అప్పటికే లేబుళ్ళు అంటించే యంత్రం పెట్టేశారు.