బోర్డు వెనక కూర్చున్న డ్రిల్ సారు

పోయిన శుక్రవారం తెల్లవారుతుండగా మా డ్రిల్ సారు పోయారు. వాళ్ల వీధిలో పాలు పోసే ఆయన సైకిలు మీద వచ్చి తలుపు కొట్టి చెప్పాడు. కాగితం మిల్లు మైదానంలో ఆడేవాళ్లందరికీ కబురు నన్నే చెప్పమన్నాడట సారు కొడుకు. దుఃఖంలో ఉన్న మనిషి, ఆలోచించలేదు. ఈ కాగజ్‌నగర్‌లో నా నోటి మాట నమ్మేవాడెవడు? నిక్షేపంగా ఉన్న షావుకారు పోయాడని చెప్పి, ఆయన ఇంటికి నలుగురిని తువ్వాళ్లు భుజాన వేయించి పరామర్శకు పంపినవాణ్ణి నేను.

అనుకున్నంతా అయింది. చాయ్ హోటల్ ఆయన పాలగిన్నె కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "పొద్దుగాల్నే మొదలువెట్టినవా? జర ఆ పెద్దమనిషినన్న ఇడువురాదు!" అన్నాడు. మిల్లు క్లబ్బు కావలివాడైతే చీపురు ఎత్తాడు. "నీ నోట్ల మన్నువడ! నిన్న పొద్దుమూకి నా బీడీ తీస్కోని తాగిండు సారు. నీకు పరాచికానికి ఇంకెవలు దొరుకలేదా?" అన్నాడు. నిజం చెప్పడం ఇంత కష్టమైన పని అని నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఒక్కడు మాత్రం నమ్మాడు. అతని సంగతి చివర చెబుతాను. ముందు సారు సంగతి.

నిజాం రాజ్యం పోయిన రెండు మూడేళ్లకు ఆయన ఆదిలాబాద్ బడి నుంచి మా ఊరి బడికి డ్రిల్ మాస్టరుగా వచ్చారు. ఖాకీ నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు, మెడలో ఈల. నిక్కరు జేబులో ఎప్పుడూ పుట్నాలు. ఎండాకాలం వస్తే మిల్లు మైదానంలో బాస్కెట్‌బాల్ పోటీలు జరిగేవి. గెలిచినవాళ్లకు కప్పు లేదు, కాసు లేదు. ఊరికే ఆడి చూపించడం. పొద్దున ఎండెక్కక ముందు ఒక ఆట, సాయంత్రం మొరం మీద నీళ్లు చల్లి ఒక ఆట. కరీంనగర్ నుంచి, మంచిర్యాల నుంచి, బెల్లంపల్లి నుంచి కుర్రాళ్లు వచ్చేవారు. ఊరికే ఎందుకొస్తారు? ఆ ఆటల్లో నచ్చినవాణ్ణి మిల్లు జట్టులోకి తీసుకునేవారు. జట్టులోకి వస్తే నౌకరీ, నౌకరీతో పాటు క్వార్టరు. వచ్చినవాళ్లలో ఎవడు పనికొస్తాడో తేల్చే పని క్లబ్బు పెద్దలు డ్రిల్ సారుకు అప్పగించారు.

పెద్దలందరూ నడిమి గీత దగ్గర కుర్చీలు వేసుకుని, షర్బత్ తాగుతూ చూసేవారు. సారు మాత్రం ఒక వెదురు మోడా తీసుకెళ్లి, రింగు బిగించిన బోర్డు వెనక వేసుకుని కూర్చునేవారు. ఎదురుగా బోర్డు చెక్క అడ్డం. బంతి రింగులో పడిందో లేదో కూడా అక్కడి నుంచి సరిగ్గా కనిపించదు. పరుగెత్తి వచ్చేవాళ్ల ముఖాలు, కాళ్లు మాత్రం కనిపిస్తాయి. ఆయనకు కావలసింది అంతే.

"బంతినేం చూస్తవురా? అది ఎటు పోతదో దానికే తెల్వదు. బంతి లేనోణ్ణి చూడు" అనేవారు.

బంతి ఇంకా చేతిలో ఉండగానే "పోతది" అనో "పోదు" అనో గొణిగేవారు. విసిరేవాడి మడమలు చూసి చెప్పేవారట. మడమ లేచీ లేవకుండా ఉంటే పోదు. అదేం లెక్కో నాకు ఈనాటికీ పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఆయన పెదవి కదిలిన తర్వాత ఆ బంతి ఆయన మాట విన్నట్టే పోయేది. ఎప్పుడైనా తప్పేవారు. "పోదు" అన్న బంతి గలగలా లోపల పడేది. అప్పుడు చూడాలి ఆయన సంబరం! మోడా మీద నుంచి లేచి, తొడ చరుచుకుని, "వాహ్! నన్ను ఓడగొట్టిండు!" అని నవ్వేవారు. తన మాట తప్పితే అంత సంతోషించే పెద్దమనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఒక ఏడు కరీంనగర్ నుంచి తెల్ల బూట్ల కుర్రాడొకడు వచ్చాడు. రెండు రోజులు మైదానాన్ని ఊపేశాడు. పెద్దలు అప్పుడే వాడికి క్వార్టరు చూస్తున్నారు. సారు మాత్రం పుట్నాలు నములుతూ, "గెలిచేటప్పుడే జనం దిక్కు చూస్తుండు. ఓడేటప్పుడు ఎవల దిక్కు చూస్తడు?" అన్నారు. మర్నాడు బెల్లంపల్లి వాళ్లు వాణ్ణి కట్టడి చేశారు. ఆట సగమయ్యేసరికి వాడు దిక్కులు చూడటం మొదలుపెట్టాడు. ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు. సాయంత్రానికి కడుపునొప్పి అని బండెక్కాడు.

ఇక నా సంగతికి వస్తాను. ఏడో తరగతితో బడికి, నాకు చెల్లిపోయింది. మా బాపు వెదురు లారీలు దింపే రోజుకూలీ. భుజం మీద తోలు లేచిపోయి కాయ కాసింది. నేను జట్టుకు ఆడతానంటే నవ్వాడు. "బంతి ఎగరేసినందుకు జీతమా? గా పిచ్చి దొర ఎవడురా?" అన్నాడు. నిజమేనని తెలిశాక మాత్రం నాకంటే ఆయనకే తహతహ ఎక్కువైంది. సాయంత్రం లారీ దింపడం అవగానే వెదురు పొడి దులపకుండానే వచ్చి, మైదానం కంచె పట్టుకుని నిలబడేవాడు. పక్కవాళ్లతో, "క్వార్టరుకు రెండు అర్రలుంటయట. నల్లా ఇంట్లనే ఉంటదట" అని చెప్పేవాడు.

ఆ ఏడు జట్టులో ఖాళీ ఒక్కటే. చివరి ఆట నాటికి పోటీలో ఇద్దరం మిగిలాం. నేను పొట్టివాణ్ణి, చేతి చురుకు ఉన్నవాణ్ణి. రెండోవాడు సిరిసిల్ల నుంచి వచ్చిన నేతవాళ్ల పిల్లవాడు, పొడుగోడు. బూట్లు అలవాటు లేక ఉత్త కాళ్లతో ఆడేవాడు. పెద్దలు వాణ్ణి గోడకు నిలబెట్టి, వెదురు కర్రతో కొలిచి మురిసిపోయారు.

"ఎత్తు వాళ్ల అవ్వ ఇచ్చింది. వాడేం తెచ్చుకున్నడో చూద్దాం" అన్నారు సారు.

నా దగ్గర ఒక విద్య ఉంది. ఎవరి గొంతైనా దింపేస్తాను. పొడుగోడి జట్టు కెప్టెను ముక్కుతో మాట్లాడే మనిషి. ఆట మొదలైన కాసేపటికి పొడుగోడికి బంతి దొరికింది. నేను వాడి వెనక నుంచి, అచ్చం ఆ ముక్కు గొంతుతో, "అరే పొడుగోడా, ఇటియ్యిరా!" అన్నాను. పాపం, అమాయకుడు. తిరిగి చూడకుండా బంతి నా చేతిలో పెట్టాడు. నేను వెళ్లి వేసేశాను. మైదానం పగలబడి నవ్వింది. షర్బత్ గ్లాసులు ఒలికిపోయాయి. కంచె దగ్గర మా బాపు కూడా పళ్లన్నీ బయటపెట్టాడు.

మళ్లీ వాడికి బంతి వచ్చింది. మళ్లీ అదే గొంతుతో అరిచాను. ఈసారి వాడు బంతిని తల మీదికి ఎత్తి ఆగాడు. మెడ తిప్పి నా కళ్లలోకి చూశాడు. ఇంకో పక్కకు విసిరాడు. నేను పట్టించుకోలేదు. తర్వాత మరోసారి అరిచాను, ఇంకోసారి అరిచాను. జనం నవ్వడం మానేశారని నేను గమనించనే లేదు. అయితేనేం, గెలిచింది మేమే, ఎక్కువ బంతులు వేసింది నేనే. పిల్లలు నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు.

సారు బోర్డు వెనక నుంచి నింపాదిగా లేచి వచ్చి, పెద్దల దగ్గర పొడుగోడి పేరు చెప్పారు.

మా బాపు కంచె దాటి వచ్చేశాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "సారూ, మావోడు గెల్చిండు గద సారూ" అన్నాడు.

సారు బాపు చెయ్యి పట్టుకున్నారు. "గెల్చిండు, పెద్దయ్యా. అబద్ధమెందుకు. గని నేను ఇయ్యాల గెల్చినోణ్ణి ఏరుతలేను. ముందు ముందు గెలిచేటోణ్ణి ఏరుతున్న" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు. "ఒక్కపారి మోసపోయినోడు మంచోడు. రెండోపారి మోసపోనోడు ఆటగాడు. వాడు ఒక్క ఆటల్నే మారిండు. నువ్వు ఆఖరిదాక అదే గొంతువెట్టి ఒర్రుకుంటనే ఉన్నవు బేటా."

ఆ మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. బాపు తలగుడ్డ చుట్టుకుని ముందు నడిచాడు, నేను వెనక.

మర్నాడు చాయ్ హోటల్లో కసి తీర్చుకున్నాను. బల్ల మీద కూర్చుని, సారు గొంతు పెట్టి, "అరే, మేకను చూడకురా, మేక లేని తాడును చూడు! మడమలు చూసి చెప్తున్న, ఈ చాయ్ గొంతుల పోదు!" అంటుంటే జనం చాయ్ కక్కుకుంటూ నవ్వుతున్నారు. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. సారు నా వెనకే నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచో!

"గొంతు మంచిగ వచ్చింది" అన్నారు. "గని నాకు మాట నడుమ దగ్గస్తది. అది ఇడిచిపెట్టినవు. దగ్గు కలుపు."

హోటలంతా ఘొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వెళ్తూ వెళ్తూ ఆయన, "ఒక మనిషి గొంతు దింపాల్నంటె ఎంత చూసి ఉండాలె? నీకు ఆట రాదు బేటా. మనుషులను చదువుడు వస్తది. పొద్దుమూకి బోర్డు వెనకకు రా" అన్నారు.

వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను. పోటీలు అయిపోయినా మిల్లు జట్టు సాయంత్రాలు ఆడుతూనే ఉంది. మోడా పక్కన నేల మీద కూర్చున్నాను. నాలుగు రోజులు కూర్చోబెట్టి, ఎవడు అలిసిపోయాడు, ఎవడు అలిసిపోయినట్టు నటిస్తున్నాడు, ఎవడికి ఎవడి మీద కోపం ఉంది అని అడుగుతూ పోయారు. నేను చెప్పింది నచ్చితే జేబులోంచి ఒక పుట్నం తీసి నా చేతిలో పెట్టేవారు. ఆ ఒక్క గింజ కోసం నేను కళ్లు చించుకుని చూసేవాణ్ణి. నిన్నటిదాకా పది మంది తిరిగే ఉత్త మైదానం అది. ఆయన పక్కన కూర్చున్నాక పది మంది మనసులు బట్టలిప్పి పరుగెడుతున్నట్టు కనిపించింది. భయం కూడా వేసింది. ఈ మనిషి ఇన్నాళ్లూ మమ్మల్ని ఇలా చూస్తున్నాడా అని.

వానలు పడే వేళకు ఆయన నన్ను వెంటబెట్టుకుని మిల్లు గేటు జమేదారు దగ్గరికి తీసుకెళ్లారు. "మొఖాలు మర్వడు, మాటలకు పడడు. గేటుకాడ వెట్టుకోండ్రి. దొంగను దొంగనే పడ్తడు" అన్నారు. అలా నాకు నౌకరీ వచ్చింది. ఆ వెనక క్వార్టరూ వచ్చింది. బాపు మొదటి రోజు ఇంట్లో నల్లా తిప్పి, ఆ నీళ్ల కింద భుజం పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. "బంతి ఎగరేయకున్నా ఇచ్చిన్రు గదరా!" అన్నాడు. సారు ఆ రోజు నన్ను తోసేశారని కొన్నాళ్లు అనుకున్నాను. ఆయన నన్ను కూడా ఏరారు. వేరే రాశిలోకి, అంతే.

పొడుగోడు మొదటి ఏడు బూట్లలో తన కాళ్లకు తానే తట్టుకుని పడ్డాడు. ఊరు నవ్వింది, సారును కూడా కలిపి నవ్వింది. "జర ఆగుండ్రి" అన్నారాయన. రెండో ఏడు వాడు నిలబడ్డాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు వాడు ఉన్న జట్టు మీద గెలవాలంటే బయటివాళ్లకు చెమటలు పట్టేవి. ఒక మోసానికి రెండోసారి పడగా నేనైతే చూడలేదు. ప్రతి ఎండాకాలం నేను సారు పక్కన కూర్చుని అదే చూస్తూ వచ్చాను. తర్వాత తర్వాత నాకూ ఒక మోడా వేశారు.

మళ్లీ శుక్రవారానికి వస్తాను. ఎవరూ నమ్మక, చివరికి పొడుగోడి ఇంటికి వెళ్లాను. తల నెరిసింది వాడికి. మొదటి షిఫ్టుకు బయలుదేరుతూ గడపలో నిలబడి ఉన్నాడు. "ఏందిరా పొట్టోడా, పొద్దుగాల్నే ఎవన్ని ఆగం జేద్దామని?" అన్నాడు. నేను నోరు తెరిచాను. అందరి గొంతులూ వచ్చే నాకు ఆ క్షణాన నా గొంతు రాలేదు. వాడు ఆగాడు. మెడ వంచి, ఆనాడు చూసినట్టే, నా కళ్లలోకి చూశాడు. చేతిలోని టిఫిను గడప మీద పెట్టేశాడు.

"సారు ఎప్పుడు పోయిండు?" అన్నాడు.

మధ్యాహ్నం సారుకు మట్టి ఇచ్చి వచ్చాం. ఎండాకాలపు ఆటలు ఆపొద్దని సారు కొడుకే అన్నాడు. సాయంత్రం నీళ్లు చల్లారు. నేనూ పొడుగోడూ వెళ్లి బోర్డు వెనక, సారు ఖాళీ మోడాకు చెరో పక్క నేల మీద కూర్చున్నాం. మంచిర్యాల నుంచి వచ్చిన కొత్త కుర్రాడొకడు దూరం నుంచి బంతి ఎత్తాడు. మైదానమంతా తల పైకెత్తింది. మేమిద్దరం వాడి మడమలు చూశాం. లేచీ లేవకుండా ఉన్నాయి.

"పోదు" అన్నాను నేను. "పోదు" అన్నాడు పొడుగోడు.

బంతి రింగు అంచు మీద ఒక చుట్టు తిరిగి, ఆగి, ఆలోచించి, లోపల పడింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని, ఒక్కసారే మోడా వైపు తిరిగాం. అక్కడ తొడ చరిచిన చప్పుడు లేదు. పైన బంతి జారిపోయిన వల మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది.