ఆలస్యంగా కూసిన పుంజు

నా చిన్నప్పుడు, సముద్రం నడుమ దీవుల్లో నాన్న కొట్టు పెట్టుకున్న బాంబూఫ్లాట్‌కు నన్ను ఓడలో తీసుకొస్తూ, నాయనమ్మ మా ఊరి కోడిపుంజును కూడా వెంట తెచ్చింది. గంప మీద గోనె కప్పి, ఓడ అడుగున చీకట్లో పెట్టింది. మంచం పట్టిన తన తండ్రిని వదల్లేక అమ్మ శ్రీకాకుళం దగ్గర పల్లెలోనే ఆగిపోయింది.

గడియారం రెండుచోట్లా ఒకటే చెప్పినా, దీవుల్లో సూర్యుడికి తొందరెక్కువ. ఇక్కడి పుంజులన్నీ కూసి ఊరుకున్నాక మాది కూసేది. పక్కింటి భయ్యా, "మామ్మా, మీ ముర్గాకి ఇంకా నిద్ర తీరలేదా?" అని ఏడిపించేవాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చేది. అది కూసిందంటే అక్కడ అమ్మ ఇప్పుడే లేచి పొయ్యి రాజేస్తోందన్నమాట.

కొన్నాళ్లకే దాని కూత రోజురోజుకూ ఇక్కడి పుంజుల వేళకు దగ్గరైంది. అమ్మ చేజారిపోతున్నట్టు నాకు భయమేసింది. ఓడలో చీకట్లో ఉన్నప్పుడు మా ఊరి వేళ మరిచిపోలేదు కదా అని, మళ్లీ గంప మీద గోనె కప్పేశాను. నాయనమ్మ చూసి తిట్టలేదు. గోనె తీసి నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"ఓలమ్మా, దాని ఒంట్లో గడియారముంది. తెల్లారి ఎల్తురే దానికి కీ ఇస్తాది. ఎల్తురు మూసేత్తే అది మీ అమ్మ ఊరెల్లదు, ఏ ఊరిదీ కాకుండా పోతాది" అంది.

ఆ వెలుతురు నన్నూ తిప్పేసింది. ఇక్కడి వేళకే ఆకలి, ఇక్కడి వేళకే నిద్ర. తాతయ్య ఏళ్లకేళ్లు మంచంలోనే ఉన్నాడు. ఓడ ఖర్చు, కొట్టు పని, ఏదో ఒక అడ్డు. ఓణీలు వేసుకునే వయసుకు గానీ నేను అమ్మ దగ్గరికి వెళ్లలేకపోయాను.

మొదటిరోజే చీకటుండగా మెలకువొచ్చింది. అమ్మను లేపడం ఇష్టంలేక అరుగు మీద కూర్చున్నాను. అలికిడికి అమ్మే వచ్చింది.

"ఇప్పుడే లెగిసిపోనావేటమ్మా?"

ఆకలేస్తోందన్నాను. అమ్మ ఇంకా తెల్లవారని ఆకాశం వైపు చూసి, నా మొహంలోకి చూసింది. నేను ఎక్కడి పిల్లనైపోయానో ఆమెకు అప్పుడు తెలిసింది. మర్నాడు నేను లేచేసరికి పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. ఉన్నన్నాళ్లూ అంతే. ఊరంతా నిద్రపోతుంటే అమ్మ నా వేళకు లేచేది.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు విశాఖ నుంచి మనవలు ఈ దీవికి నా దగ్గరికి వస్తే, ఎండెక్కేదాకా పడుకున్నా నేను లేపను. కడుపులో కాలుతున్నా వాళ్లతోనే తిందామని కూర్చుంటాను. అలా కూర్చున్నంతసేపూ నాకు అమ్మ కావాలనిపిస్తుంది.