సినిమా హాల్లో స్తోత్రం

ఆశ్చర్యకార్యాలు చేసే దేవునికి స్తోత్రం. వాటిని చూసి ఆశ్చర్యపడే మనసును నాకిచ్చినందుకు మరింత స్తోత్రం.

మా క్రైస్తవ సంఘంలో సినిమా చూడటం పాపం. అయినా పదో తరగతి పరీక్షలయ్యాక, సంఘంలో చేరని మా చిన్నమ్మ నన్ను దేవరకొండలో మ్యాట్నీకి తీసుకెళ్లింది. అది ఆకాశంలో ఎగిరే వీరుడి సినిమా. మేడ మీది నుంచి పడిపోతున్న పిల్లను అతను గాలిలోనే అందుకోగానే, మందిరంలో ఎవరైనా దేవుడు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పినప్పటిలాగే చేతులెత్తి "స్తోత్రం!" అని అరిచాను. హాలంతా గొల్లున నవ్వింది.

"నోర్మూస్కోవే! గిది మందిరం గాదు," అని చిన్నమ్మ నా తొడ గిల్లింది.

ఆదివారానికల్లా సంగతి పాస్టరయ్యగారికి చేరింది. బాప్తిస్మం తీసుకున్నాక నేను మొదటిసారి ప్రభువు బల్లలో, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో, పాలుపొందాల్సింది ఆ రోజే. రొట్టె నాకివ్వరేమోనని వెనక వరుసలోకి జరిగి కూర్చున్నాను.

"ఏం జూసి స్తోత్రం అన్నవు బిడ్డా?" అని ఆయన అందరి ముందే అడిగాడు.

"పడేటి పిల్ల బతికిందయ్యగారూ. గది సినిమా అని యాది మర్చిన."

ఆయన నవ్వాడు. "బతికిచ్చెటోడు ఎవరో నీ నోటికి ఎరుకే. రా, తీస్కో," అని రొట్టె ముక్క నా చేతిలో పెట్టాడు.

ఆ రోజు నన్ను వెనక్కి పంపి ఉంటే, నేను ఆశ్చర్యపడటానికే భయపడుతూ బతికేదాన్ని. ఇప్పుడు మా పిల్లలు అలాంటి వీరుల సినిమాలు ఒకదాని తర్వాత ఒకటి పెడితే, నేనూ పక్కన కూర్చుంటాను.

మీరూ నాతో ప్రార్థించండి: ప్రభువా, పసివాళ్ల కళ్లలో వెలిగే ఈ అబ్బురాన్ని మా కోపంతో ఆర్పేయకుండా మమ్మల్ని కాపాడు. ఆమెన్.